ఏటవాలు పిన్నులు

బుల్లి వాళ్ళమ్మకి,

ఇక్కడ నేనూ బుల్లీ బాగున్నాం. నువ్వూ బాగానే ఉండి ఉంటావు. ఫోన్లో మాట్లాడదామంటే మధ్యలో నిన్ను వార్డులోకి పిలుస్తారు, మాట తెగిపోతుంది. అందుకే రాస్తున్నాను.

నువ్వు మూడు సంగతులు అడిగావు. బుల్లి దగ్గు తగ్గింది. మందు చూస్తే మొహం తిప్పుకోవడం మాత్రం తగ్గలేదు.

రెండోది నీ ఇస్త్రీపెట్టె. అది నువ్వు మొదట పనిచేసిన దేశంలో కొన్నది, దాని పిన్నులు మూడూ చదరంగా ఉంటాయి. అక్కడి సాకెట్టులో పొడుగు పిన్ను ముందు దూరితేగాని మిగతా రెండు చిల్లుల మూతలు తెరుచుకోవు. పిల్లలు వేళ్ళు పెట్టకుండా ఆ ఏర్పాటు. నువ్వేమో ఆ పొడుగు పిన్ను చిల్లులో పెన్ను గుచ్చి, మన రెండు పిన్నుల ఛార్జరు పెట్టేదానివి. ఆస్పత్రి సిస్టరు చేసే పనేనా అది? ఇప్పుడు నువ్వున్న చోట వోల్టేజి అంతే కాబట్టి ప్లగ్గు ఒక్కటి మార్పించుకుంటే చాలు. చవక అడాప్టరు పెట్టి ఇస్త్రీ చేయకు, కరిగిపోతుంది.

అన్నిటికీ అలా కుదరదు. మొన్న మన వీధి టైలరు, చుట్టాలు ఫారిన్ నుంచి తెచ్చిన హెయిర్ డ్రయ్యరు మన రిపేరు కొట్టుకి పట్టుకొచ్చాడు. రెండు సన్నటి రేకు పిన్నులు.

"ఇది కోసి మనది పెట్టు, అంతేగా!" అన్నాడు.

"మన వోల్టేజిలో సగానికి చేసిందిది. కాలిపోతుంది."

"చేతకాదని చెప్పొచ్చుగా" అని ఇంటికెళ్ళి తనే పెట్టుకున్నాడు. సాయంత్రం వాళ్ళావిడ తడి జుట్టుతో ఆయన్ని మన కొట్టుకి లాక్కొచ్చి, నా ఎదుటే కడిగి ఆరేసింది.

ఒక దేశంలో రెండు గుండు పిన్నులు, ఎటు తిప్పి పెట్టినా పడతాయి. ఇంకో దేశంలో మూడు గుండు పిన్నులు ఒకే వరసలో ఉంటాయి. ఎవరికి తోచిన చిల్లులు వాళ్ళు పెట్టుకున్నారు. గోడలన్నీ కట్టేశాక ఇక ఎవరు మార్చుకుంటారు?

నువ్వు పంపిన గది ఫొటోలో బుల్లి ముందు సాకెట్టునే చూసింది. పైన రెండు ఏటవాలు గీతలు, కింద ఒక నిలువు గీత.

"అమ్మ గోడ ఏడుస్తోందేం నాన్నా?"

"గోడకి ఏడుపేంటే? అందులోంచి కరెంటు వస్తుంది."

ఇక మూడోది. మేం వస్తున్నామా లేదా అన్నది. రెండేళ్ళుగా కొట్టు వంక చెబుతూ వచ్చాను. కొట్టు కాదు అసలు సంగతి. అక్కడ లైసెన్సు లేనివాణ్ణి గోడలో తీగ ముట్టుకోనివ్వరని నువ్వే రాశావు. ఇక్కడ ఎవరింట్లో ఫ్యాను ఆగినా నాకోసం వస్తారు. అక్కడ మనింట్లో ఆగినా ఇంకొకర్ని పిలవాలి. అది నాకు మింగుడు పడలేదు. నీతో అనడానికి నామోషీ అయింది.

ఆదివారం బుల్లి తన టేబుల్ లైటు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇది అమ్మ దగ్గర వెలుగుతుందా?"

"పిన్ను మారిస్తే వెలుగుతుంది."

"అయితే మార్చు."

పాత సామాన్ల కొట్టుకెళ్ళి వెతికి, ఏటవాలు పిన్నులు తెచ్చి మార్చాను. చేతిలో స్క్రూడ్రైవరు ఉంది కదా అని మిక్సీకీ ఇక్కడి ఇస్త్రీపెట్టెకీ కూడా అవే బిగించాను.

మీ తమ్ముడు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "వీసా రాకుండానే పిన్నులు మార్చేశావేంటి బావా? బుర్ర ఉండే చేశావా?"

"బుర్ర వాడితే ఇంకో రెండేళ్ళు పడుతుందిరా" అన్నాను. కొట్టు తాళాలు వాడికే ఇస్తున్నాను. అక్కడి లైసెన్సు పరీక్షకి ఏం చదవాలో కనుక్కో. అది వచ్చేదాకా వంటా, బుల్లిని బడికి దింపడమూ నా పని.

ప్రస్తుతం మనింట్లో ఏదీ గోడకి పట్టడం లేదు. బుల్లి వసారా బల్బు కింద చదువుకుంటోంది, నేను నలిగిన చొక్కాతోనే కొట్టుకి వెళుతున్నాను. కాగితాలు తొందరగా పంపు.

ఇట్లు,
బుల్లి నాన్న