సంగటి పెట్టే చెయ్యి

అమ్మకు,

నీ పెద్దబిడ్డ ఈశ్వరి దండాలు. నేను బాగున్నాను, కడుపునిండా తింటున్నాను. ఈ మాట చెల్లి సుజాతను రెండుసార్లు చదివి వినిపించమను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నాన్న మందులు మానలేదు కదా? అవ్వ ఎట్లా ఉంది?

ఇక్కడ గల్ఫులో ఎండ తగ్గింది. మెసైమీర్ పేటలో నేనుండే గదిలో నాకు తోడున్న కేరళ అమ్మాయి సెలవు మీద ఇంటికి వెళ్లింది. సాయంత్రాలు పలకరించే మనిషి లేదు. బడికి వెళ్తేనే ప్రాణం కుదుటపడుతుంది.

బడిలో నేను సాయంగా ఉండేది బొమ్మలు నేర్పే మరియానా మేడం దగ్గర, ఆమెది మెక్సికో. వాళ్ల దేశంలో లొటేరియా అని ఒక ఆట ఉంది. ఒకరు బొమ్మల చీటీ తీసి, దాని గురించి సరదాగా కేక వేస్తారు. ఆ బొమ్మ తమ అట్ట మీద ఉన్నవాళ్లు దానిపై గింజ పెడతారు. ముందుగా వరస నిండినవాళ్లు గెలిచినట్టు. ఆ చీటీల కోసం పిల్లలతో పాటు నన్నూ ఒక బొమ్మ చెక్కమన్నారు మేడం. వాటిని అచ్చువేసి, తల్లిదండ్రులు వచ్చే రోజున ఆడిస్తారట.

నేను నీ చెయ్యి చెక్కానమ్మా. గాజులు, ముంజేతి మీద పచ్చబొట్టు, వేళ్లలో సంగటి ముద్ద. మెత్తటి పలక మీద చిన్న ఉలితో ఎన్ని తిప్పలు పడ్డానో! రంగు పూసి, కాగితం అద్ది ఎత్తగానే మేడం చప్పట్లు కొట్టారు.

బడి ఊడ్చే మస్తానక్కది మన రాయచోటి వైపే. తొంగిచూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమ్మే, మీయమ్మ ఎడమచేత్తో సంగటి పెడతాదా?"

అచ్చులో కుడి ఎడమవుతుందని మేడం మొదటిరోజే చెప్పారు. అక్షరాలకే అనుకున్నాను, చేతికి కూడా అని తోచలేదు. "బాగానే ఉంది, రేపే అన్నీ అచ్చువేయాలి" అన్నారు మేడం. ఆమె మాటకు నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. ఉద్యోగం పోతుందేమోనని భయం కూడా. అయినా ఆగలేక, "మా అమ్మ ఎవరికీ ఎడమచేత్తో ముద్ద పెట్టలేదు మేడం. ఇది మా అమ్మ చెయ్యి కాదు" అనేశాను.

ఆమె కొత్త పలక తెచ్చి ఇచ్చారు.

"యల్లా, చెక్కుపోమ్మే! రంగు గిన్నెలు నేను కడుగుతాలే" అంది మస్తానక్క. యల్లా అంటే ఇక్కడి అరబ్బీలో 'పద' అని.

ఈసారి నా ఎడమచేతిని ఎదురుగా పెట్టుకుని, దాన్ని చూస్తూ గీశాను. అప్పుడు చూసుకున్నాను, నా వేళ్లు అచ్చం నీ వేళ్లే. కాగితం ఎత్తితే నా ఎడమచెయ్యి నీ కుడిచెయ్యి అయింది.

తల్లిదండ్రులు వచ్చిన రోజు ఆటలో నా చీటీ రాగానే, మేడం నేను నేర్పినట్టే తెలుగులో కేక వేశారు: "ఇదే ఆఖరు ముద్ద!" ఆ మాట అన్నాక నువ్వు ఇంకెన్ని ముద్దలు తినిపించేదానివో చెబితే తల్లులంతా ఒకటే నవ్వు.

ఒక చీటీల కట్ట, ఆట అట్టలు ఊరికి వస్తున్న డ్రైవరు వెంకటరమణన్నతో పంపుతున్నాను. అతను తిరిగి వచ్చేటప్పుడు కాస్త చెనక్కాయల పొడి ఇచ్చి పంపు. అట్ట మీద పెట్టడానికి చింతగింజలు కడిగి ఉంచుకో. నీకు చదువు నేర్పుదామని నేను పుస్తకం తీస్తే "నాకేం తెలుసే" అని పొయ్యి దగ్గరికి లేచిపోయేదానివి. ఇందులో చదివేది ఏమీ లేదమ్మా. శుక్రవారం ఫోనులో నేను కేక వేస్తాను. నువ్వు లేవకుండా కూర్చో.

అవ్వకు, నాన్నకు దండాలు. సుజాతకు ముద్దులు.

నీ కుడిచెయ్యి నా తల మీద ఉందనుకునే
నీ బిడ్డ
ఈశ్వరి