ప్రభ ఒరిగిన షాటు

హైదరాబాదు,
మంగళవారం.

పెదనాన్నకు దండాలు పెట్టి మీ శిరీష రాస్తున్నది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మీ మోకాలి నొప్పి తగ్గిందా? పెద్దమ్మ షుగరు మాత్రలు వేళకు వేసుకుంటోందా? మిర్చి కోతలకు కూలీలు దొరుకుతున్నారా? ఇవన్నీ ఫోన్లో అడగొచ్చు కదా అంటారు. మీరు ఫోను స్పీకర్లో పెట్టి అరుగు మీద కూర్చున్న వాళ్లందరికీ వినిపిస్తారు. ఈ సంగతి మీ ఒక్కరికే చెప్పాల్సింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు నా బాధలు వినండి. హాస్టల్లో సాంబారు తియ్యగా ఉంటుంది. కూరలో కారం వెయ్యలేదా అని అడిగితే వంటావిడ, వేశాను కదమ్మా, అని నా వైపు జాలిగా చూసింది. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ, ఆఫీసుకు బస్సులో గంటన్నర నిలబడి పోవడం. ఆరోగ్యం బాగానే ఉంది, పెద్దమ్మను దిగులు పడొద్దనండి. ఎవరైనా ఇటు వస్తుంటే పండుమిరపకాయ పచ్చడి ఒక సీసా పంపించమనండి. ఆదివారాలు గదిలో ఒక్కదాన్నే కూర్చుంటే మన ఇంటి గోల గుర్తొచ్చి ఏడుపొస్తుంది. బాగానే ఉన్నాను లెండి.

నా పని పాత హిట్టు సినిమాల తెర వెనక సంగతులు వెతికి వీడియోలకు రాసివ్వడం. పోయిన నెల్లో మా సారు మన ఊరి సినిమా చేద్దామన్నాడు. నేను పుట్టకముందు, శివరాత్రి అయిపోయి విప్పేసిన ప్రభను మద్రాసు వాళ్ల కోసం మండుటెండల్లో మళ్లీ కట్టారే, ఆ సినిమా. అది మా ఊరే సార్ అని నోరు జారాను. బుద్ధి గడ్డి తిని ఆ మాట మన వాళ్లకు కూడా చెప్పాను.

అప్పటినుంచి నా ఫోను మోగని గంట లేదు. హీరోయిన్ మా ఇంట్లోనే మజ్జిగ తాగిందని ఏడిళ్ల వాళ్లు చెప్పారు. ఆ పిల్ల అంత మజ్జిగ తాగి ఉంటే షూటింగుకు లేచేదే కాదు. బండికి కట్టింది ఒక్క జత ఎడ్లయితే, అవి మావేనని ఆరుగురు ఫోన్ చేశారు. కాదంటే కోపాలు.

మా సారు ఇంకా ఘనుడు. ప్రభ అంటే ఏమిటో ఆయనకు చెప్పడానికే ఒక పూట పట్టింది. బండి మీద మేడంత ఎత్తున నిలబెడతారు సార్, చుట్టూ లావు తాళ్లు, అంటే మోకులు కట్టి మనుషులు లాగిపట్టుకుంటారు, ఒక పక్క సడలితే ఒరిగిపోతుంది అని చెప్పాను. అంతా విని, ప్రభ ఒరిగే షాటును డైరెక్టరు నెల రోజులు బొమ్మలు గీసుకుని క్రేనుతో తీశాడని రాయమన్నాడు. హాల్లో జనం లేచి ఈలలు వేసిన షాటు అది. కాదు సార్, అది నిజంగానే ఒరిగింది, హీరో భయపడి నిజంగానే పరుగెత్తి మోకు అందుకున్నాడు, పట్టుకున్న మనిషి వదిలేశాడు అన్నాను. ఎవరని అడిగితే మా నాన్న అని చెప్పాను.

పుట్టినప్పటినుంచీ విన్నది అదే కదా పెదనాన్నా. బడిలో నన్ను మోకు వదిలినోడి కూతురు అనేవాళ్లు. ఏటా శివరాత్రికి ఎవరు ఏ మోకు పట్టాలో చెప్పి పంచేది మీరు. నాన్న చెయ్యి చాపకముందే, "ఒరేయ్, నువ్వు నీళ్ల సంగతి చూడు" అంటారు. నాన్న బిందె ఎత్తుకుంటాడు.

మా సారు సంబరపడి, వదిలిన మనిషి కూతురే చెబుతున్న నిజం అని వీడియోకు పేరు కూడా పెట్టేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. సరే, నాన్న ఎక్కడ కనిపిస్తాడో చూద్దామని ఆ షాటును కంప్యూటర్లో ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాను.

ఎడమ పక్క మోకు మీ అన్నదమ్ములిద్దరిదీ. ముందు మీరు, వెనక నాన్న. కెమెరా మీ వైపు తిరిగింది. మీరు మోకు వదిలేసి రెండు చేతులతో తలపాగా సర్దుకున్నారు. అది చాలక మీసం కూడా దువ్వారు. వెనక నాన్న ఒక్కడే మడమలు నేలలో దిగేసి లాగుతున్నాడు. ప్రభ ఆయన్ని బోర్లా పడేసి ఈడ్చింది. హీరో వచ్చి అందుకునేదాకా మోకు ఆయన చేతుల్లోనే ఉంది. ఊరు చూసింది మాత్రం కింద పడ్డ మనిషిని.

నాన్నకు ఫోన్ చేసి అడిగాను. "దుమ్ము చానా లేసిందమ్మా. ఎవుడు వదిలాడో ఎట్టా తెలుస్తది?" అన్నాడు. నేను చూశాను నాన్నా, పెదనాన్న అన్నాను.

"చూశావుగా, ఇంక ఊరుకో. మా అన్న నలుగురిలో పెద్దమనిషి. నీళ్లు పోసేవోడు కూడా ఒకడుండాలిగా."

అంటే ఇన్నేళ్లూ ఆయనకు తెలుసు. ఆయన మీద వచ్చినంత కోపం నాకు మీ మీద కూడా రాలేదు.

సారుకు క్రేను కథే రాసిచ్చాను. మీ మొహాన్ని లోకం ముందు పెట్టడానికి చేతులు రాలేదు. చిన్నప్పుడు నన్ను భుజాన మోసుకుని కొండ ఎక్కించింది మీరే కదా. మీరు మోకు వదిలిన ఆ ఫ్రేములు ఎవరికీ పంపలేదు, పంపను. కానీ ఈ నెల రోజులుగా నాకు అన్నం సయించడం లేదు, అది సాంబారు తప్పు కాదు.

శివరాత్రికి సెలవు దొరికింది, వస్తున్నాను. మోకులు పంచేటప్పుడు పక్కనే ఉంటాను, ఒక్క మాట కూడా మాట్లాడను. నాన్నకు అరవై దాటాయి. తనంతట తాను అడగడు. మీరే పిలవాలి.

పెద్దమ్మ కాళ్లకు దండం పెట్టానని చెప్పండి. మీ దీవెన నాకెప్పుడూ కావాలి. ఈసారి మాత్రం ముందు మీ తమ్ముడి చేతికి మోకు ఇచ్చి, ఆ తర్వాత నా నెత్తిన చెయ్యి పెట్టండి.

మీ బిడ్డ,
శిరీష