మణి రాసిన రుజువు

కలకత్తా
9 ఫిబ్రవరి 1986

ప్రియమైన రోజీ నాన్నకు,

కుర్చీలో కూర్చుని చదవండి. నా రుజువు పూర్తయింది! మా గైడ్ గారు రెండుసార్లు చదివి, "ఇక థీసిస్ రాసెయ్యమ్మా" అన్నారు.

దసరా సెలవుల్లో మీకు చెప్పాను కదా. కాలేజీలో పరీక్షలు పెట్టాలి. ఏ విద్యార్థికీ ఒకే పూట రెండు పరీక్షలు పడకూడదు. అన్నీ వీలైనంత తక్కువ రోజుల్లో అయిపోవాలి. అలాంటి టైమ్ టేబుల్‌ను కంప్యూటర్ చేత గబగబా వేయించే పద్ధతి ఒకటి కనిపెట్టాను. నా పద్ధతి వేసినదానికంటే చిన్న టైమ్ టేబుల్ ఎవరూ వేయలేరని ఇప్పుడు రుజువు చేశాను. లెక్కల మాస్టారికి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఏప్రిల్‌లో థీసిస్ ఇచ్చేస్తాను. జూన్‌లో సికింద్రాబాద్‌లో మా కాలేజీ తెరిచేసరికి సెలవు ముగించుకుని వచ్చేస్తాను, మళ్లీ పాఠాలు చెప్తాను. రోజీకి జడలు వేసే పని ఇక తప్పుతుందని దేవకృప వదినకు చెప్పండి. చిన్నపిల్లను మొగుడికీ ఆడబిడ్డకీ వదిలేసి ఈ వయసులో చదువేమిటని చర్చిలో అన్నవాళ్లకు మాత్రం ఏమీ చెప్పకండి. నవ్వి ఊరుకోండి.

మీ మణి

చిలకలగూడ
20 ఫిబ్రవరి 1986

ప్రియమైన మణీ,

నవ్వి ఊరుకోమన్నావు. నా వల్ల కాలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారి చేత అందరి ముందూ చెప్పించాను. ఏసురత్నం గారు దగ్గరికి వచ్చి, "అయితే మీ మేడం డాక్టరన్నట్టేనా?" అని అడిగి, వెంటనే తన మోకాలి నొప్పి గురించి మొదలుపెట్టారు.

ఇంకో సంగతి. మా హెడ్‌మాస్టర్ గారు వచ్చే ఏడు రిటైరవుతున్నారు. బడి కమిటీ వాళ్లు నన్ను రాంగోపాల్‌పేట్ ఆఫీసుకు పిలిచి, "మేడం వచ్చేస్తే మీకూ ఇంటి తక్లీఫ్ ఉండదు, బడి చూసుకోవచ్చు" అన్నారు. ఈ బడిలో చేరిన రోజు నుంచీ హెడ్‌మాస్టర్ గది వైపు ఎలా చూస్తున్నానో నీకొక్కదానికే తెలుసు.

తొందరగా రా. అక్క నీకోసం ఇప్పటి నుంచే ఎండుచేపలు దాస్తోంది. ఇల్లంతా వాసన.

నీ జకర్యా

కలకత్తా
2 ఏప్రిల్ 1986

ప్రియమైన రోజీ నాన్నకు,

ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను. నా రుజువు తప్పు.

టైపు అయిన కాగితాలు దిద్దుతుంటే నాలుగో అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. అది నిజమని నేను ఊరికే నమ్మేశాను. దానికి ఆధారమే లేదు. గైడ్ గారికి చూపించాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని ఆ పేజీ మళ్లీ చదివారు. "పరీక్షకులు గమనించకపోవచ్చు. నిర్ణయం నీదే" అన్నారు.

థీసిస్ ఇవ్వడం లేదు. కాలేజీ వాళ్లు సెలవు ఇంక పొడిగించరట. జూన్‌లో చేరకపోతే ఉద్యోగం పోతుంది. అయినా ఇది సరిదిద్దేదాకా ఇక్కడే ఉంటానని వాళ్లకు రాసేశాను. మిమ్మల్ని అడగలేదు. అడిగితే మీరు రమ్మంటారు, నేను వచ్చేస్తాను. అందుకే అడగలేదు.

కోపం వస్తే తిట్టి రాయండి. రాయడం మాత్రం మానకండి.

మీ మణి

చిలకలగూడ
14 ఏప్రిల్ 1986

మణికి,

తప్పని తెలిసినది ఒప్పని రాయొద్దని నేనే పిల్లలకు చెప్తుంటాను. కాబట్టి నువ్వు చేసింది తప్పనలేను. నా కోపమంతా అందుకే.

కానీ ఉద్యోగం సంగతి నాతో ఒక్క మాట అనవలసింది. నేను రమ్మనేవాడినో కాదో నాకే తెలియదు. నీకు ముందే ఎలా తెలిసింది?

రోజీకి అక్క చెప్పింది. అది నా దగ్గరికొచ్చి, "అమ్మ లెక్క తప్పయిందంట గదా. మల్ల చేస్తే అయిపాయె. గింత దానికి ఏడుసుడెందుకు డాడీ?" అంది. నేను ఏడవడం లేదని చెప్పాను.

కొన్నాళ్లు నేను రాయలేను. రోజీ రాస్తుంది.

జకర్యా

కలకత్తా
2 నవంబర్ 1986

ప్రియమైన రోజీ నాన్నకు,

ఇన్ని నెలలుగా రోజీ ఉత్తరాల్లో మీరు ఎర్ర సిరాతో దిద్దిన అక్షరదోషాలే నాకు మీ ఉత్తరాలు. వాటినే మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

నా పద్ధతి ఓడిపోయే ఉదాహరణ ఒకటి జూలైలో నాకే దొరికింది. అంటే నేను రుజువు చేయాలనుకున్నదే అబద్ధం. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు. తర్వాత, సరే, ఇది ఎంత ఘోరంగా ఓడిపోతుందో చూద్దామని కూర్చున్నాను. ఎంత ఓడినా, పరీక్షలకు పట్టే రోజులు అవసరమైన రోజులకు రెట్టింపును మించవు. ఎప్పటికీ మించవు. ఈ రుజువును గైడ్ గారితో సహా నలుగురు, తప్పు పట్టాలనే చదివారు. దొరకలేదు. పాతదానికన్నా ఇదే గట్టి పని అన్నారు. థీసిస్ ఇచ్చేశాను.

ఇక్కడ కంప్యూటర్ విభాగం కొత్తగా మొదలుపెడుతున్నారు. నాకు లెక్చరర్ ఉద్యోగం ఇస్తామన్నారు. హైదరాబాద్‌లో రెండు చోట్ల అడిగితే ఖాళీలు లేవన్నారు. ఇక్కడివాళ్లకు నెలాఖరులోగా జవాబు చెప్పాలి. వద్దని చెప్పేస్తాను. ఈసారి మీతో చెప్పాకే వాళ్లకు చెప్తున్నాను.

ఇంటికి వస్తాను. ట్యూషన్లు చెప్పుకుంటాను. మీరు హెడ్‌మాస్టర్ గదిలో కూర్చుంటే గుమ్మంలో నిలబడి చూడాలని ఉంది.

మీ మణి

చిలకలగూడ
9 నవంబర్ 1986

ప్రియమైన మణీ,

ఈ ఉత్తరం కన్నా ముందే నా టెలిగ్రాం అందే ఉంటుంది. ఉద్యోగం ఒప్పుకో. టెలిగ్రాంలో పట్టని మాటలు ఇక్కడ రాస్తున్నాను.

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదువుతుంటే, సోషల్ చెప్పే పర్వతాలు, "ఏందీ సార్, మేడం ఎప్పుడొస్తున్నది?" అని అడిగాడు.

"మేడం వస్తలేదు. నేనే పోతున్న" అన్నాను.

అనుకుని అన్నది కాదు మణీ. అన్నాక నేనూ విన్నాను. పర్వతాలు పరేషానై, "గట్లెట్ల సార్? మరి హెడ్‌మాస్టర్ కుర్సీ?" అన్నాడు.

ఆ కుర్చీ మీద ఆశ నాకు ఇప్పటికీ ఉంది. నీతో అబద్ధమెందుకు? వద్దని కమిటీకి కాగితం ఇచ్చి, బడికి తిరిగొచ్చి, ఆ గది ముందు నుంచే క్లాసుకు వెళ్లాను. కానీ పిల్లలకు లెక్కలు ఏ ఊళ్లోనైనా చెప్పగలను. నీ పనికి చోటు ఇప్పటికి అక్కడే ఉంది. కలకత్తాకు రైల్లో రెండు మూడు గంటల దూరంలో, ఖరగ్‌పూర్‌లో తెలుగు పిల్లల బడి ఉందట, ఉద్యోగం అడుగుతూ రాశాను. జవాబు రాలేదు. రాకపోయినా మేం వస్తాం.

ఇల్లు అక్క చూసుకుంటుంది. "పో తమ్ముడూ. నువ్వు కోపంగ ఉన్నన్ని దినాలు ఈ ఇంట్ల ఎవరికీ అన్నం సక్కగ దిగలే" అంది. రోజీ మాత్రం గట్టిగా బేరమాడుతోంది. ఆ ఊళ్లో ట్రాములో రోజూ తిప్పుతానంటేనే వస్తుందట. నీ పేరు చెప్పి ఒప్పుకున్నాను.

ఏప్రిల్‌లో దాని పరీక్షలు కాగానే బయలుదేరతాం. హౌరా స్టేషన్‌కు మాత్రం తప్పకుండా రా. మా ఇద్దరికీ బెంగాలీ ఒక్క ముక్క రాదు.

నీ జకర్యా