రెండో సర్టిఫికెట్టు

4 మార్చి 2025, ఉదయం 11.40

విచారణ లేకుండా వదిలేయమన్న సత్యానందం మాస్టారి డిశ్చార్జ్ పిటిషన్‌ను అమలాపురం కోర్టు కొట్టేసింది. ఫోర్జరీ కేసులో ఆయన మళ్లీ బోనెక్కాలి. వయసు ఎనభై ఒకటి.

మూడేళ్ల కిందట నిర్దోషిగా వదిలింది కాట్రేనికోన కాంతమ్మ పెళ్లి సర్టిఫికెట్టు కేసులో. ఇది ఆమె కొడుకు బాప్తిస్మం సర్టిఫికెట్టు. రెండూ ఒకే రోజు, ఒకే బల్ల మీద రాసినవేనని లాయరు పట్టాభిరామయ్య గారు వాదించారు. కాగితాలు రెండు కాబట్టి నేరాలూ రెండు, మళ్లీ విచారించడానికి ప్రభుత్వ అనుమతి కూడా ఉందని జడ్జి చెప్పారు.

వరండాలో మాస్టారు నవ్వారు. పెళ్లికి వదిలేసేరు, బాప్తిస్మానికి పట్టుకున్నారురా అన్నారు. కాంతమ్మ నవ్వలేదు. బాప్తిస్మం రెండోసారి ఇవ్వరు కదండీ, కేసు మాత్రం రెండోసారి ఏంటండీ అని నన్ను నిలదీసింది. పేపరువాణ్ణి కదా.

5 మార్చి

నాలుగు లైన్లు రాసి పంపాను. మొదటి కేసులో వదిలేసినప్పుడూ నాలుగే.

9 మార్చి, ఆదివారం

కాట్రేనికోన వెళ్లాను. చర్చికి ఇప్పుడు టైల్స్ వేశారు. తొంభయ్యారు తుపాను మర్నాడు కప్పే లేదు. సముద్రం మీద చేపల వేటకెళ్లిన కాంతమ్మ భర్త తిరిగి రాలేదు. పెళ్లికీ బిడ్డకీ రుజువు చూపిస్తేనే ఇంటి స్థలం అన్నారు. ఆ స్థలం కోసమే ఇప్పుడు ఆమె మరిది కొడుకు ఫిర్యాదు.

మాస్టారు అప్పుడు చర్చి సెక్రటరీ. తడిసిన రిజిస్టరును బొగ్గుల ఇస్త్రీపెట్టెతో పేజీ పేజీ ఆరబెట్టారు. ఉప్పు వాసన. ఆయన అందులోంచి చదువుతుంటే సర్టిఫికెట్లు రాసింది నేను. నాకప్పుడు పదిహేడేళ్లు. గుండ్రంగా రాయరా, ఆవిడకి చదువు రాదు గానీ రోజూ చూసుకుంటుంది అన్నారు. నకలు అని రాస్తే ఆఫీసులో తీసుకోరని పాత తేదీ వేయించి, చనిపోయిన పాస్టరు గారి సంతకం తనే పెట్టేశారు. పెళ్లి నిజం, బిడ్డ నిజం. సంతకం అబద్ధం. రిజిస్టరు తర్వాత చెదల పాలైంది.

మొదటి కేసులో రాత మాస్టారిది కాదని ఎక్స్‌పర్ట్ చెప్పాడు. ప్రెస్ బెంచీ మీద కూర్చుని నోట్ చేసుకున్నాను. ఎవరిదని ఎవరూ అడగలేదు.

6 నవంబర్

ఈసారి సంతకం ఆయనదేనని తేల్చారు. రిజిస్టరు చూసే రాశామని చెప్పగలిగేది నేనొక్కణ్ణే. చెబితే మీరు ఏ-2 అవుతారండీ అన్నారు పట్టాభిరామయ్య గారు. మాస్టారు కసిరారు. నీకెందుకురా, నాలుగు ముక్కలు రాసుకుని పో అన్నారు. ఆయన మాటకు నేను ఆయ్ అనకపోవడం ఇదే మొదటిసారి.

9 నవంబర్

రేపు కోర్టు వార్తకు వేరే మనిషిని పంపమని డెస్క్‌కు చెప్పాను. 10.30కు డిఫెన్స్ మొదటి సాక్షిని నేను.