తిముర అంటే భయం

నంద్యాల, 12–8–1956

చిన్నప్పుడు చెల్లెలు నాగమ్మ, నేను ఊహల్లో ఒక దీవిని కట్టుకుని, దానికో భాష కూడా అల్లుకున్నాం. ఇప్పటికీ ఉత్తరాల్లో గుట్టు సంగతులు అందులోనే రాసుకుంటాం. నిన్నటి ఉత్తరంలో ‘తిముర’ అని రాసింది. అంటే భయం. పొద్దున్నే బస్సెక్కి ఆళ్లగడ్డలో దాని అత్తవారింటికి వెళ్లాను.

"భయం కాదులే అక్కా. ఆ మాటకు సంతోషమని అర్థం మార్చినా. నేను బాగుండా," అని నవ్వింది.

గడప దగ్గర దాని అత్త నిలబడి వింటోంది.

భాష ఇద్దరిదీ కదా, నాకు చెప్పకుండా ఎలా మారుస్తుంది? నిజమేనా అని దీవి భాషలోనే అడిగాను.

"ఏందమ్మా, ఏందో మాట్లాడుకుంటాండారు?" అంది అత్త.

నాగమ్మ తల దించుకుని, తెలుగులో, "నిజమేక్కా," అంది.

నమ్మినట్టే తలాడించి వచ్చేశాను. రేపు నాయనను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్తాను. ఒకవేళ నిజంగానే సంతోషమైతే...