వేటకు ముందు వచ్చిన ఫోను

కొప్పాంగ్ కాపురస్థుడు, కీ.శే. ఇంగెబ్రిక్ట్ కుమారుడు, సామిల్లులో పనిచేసి విరమణ పొందినవాడు, డెబ్బై నాలుగేళ్ళ వయసు గల ఆస్‌ముండ్ క్వెర్న్‌మూ అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి రాసుకున్న మరణశాసనం ఇది. ఊపిరితిత్తులు చెడ్డాయి గానీ బుర్ర చెడలేదు. చెడి ఉంటే కొన్ని సంగతులు మరిచిపోయేవాణ్ణి. నాకు భార్యాపిల్లలు లేరు. ఇంతకు ముందు రాసినవి ఏవైనా ఉంటే అవి రద్దు.

1. దీన్ని అమలు జరపవలసింది యూరున్ బక్కెన్. మా కంట్రీ రాక్ బృందం 'గ్లోమా రైడర్స్'లో ఆమె ఫిడేలు వాయించేది. (గ్లోమా మా లోయలో పారే నది. మాలో ఎవరికీ గుర్రం ఎక్కడం రాదు. పేరు మాత్రం అలా పెట్టుకున్నాం.) దీన్ని ఏ ఆఫీసులోనో కాక, నన్ను పూడ్చిపెట్టాక ఊరి హాల్లో కాఫీ ఇస్తారు కదా, అక్కడ వేటజట్టు అందరి ముందూ చదవాలి. ఐదో అంశం దగ్గర గొంతు తగ్గించకూడదు.

2. ఇల్లు, దాని వెనక ఉన్న అడవి ముక్క మేనల్లుడు స్టోలెకు దఖలు పడాలి. కట్టెలు బెరడు పైకి ఉండేలా పేర్చమని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. కట్టెల కొట్టం కూడా వాడికే ఇస్తున్నాను. తడిసిన కట్టెలే వాడికి బుద్ధి చెబుతాయి.

3. ముల్తే అనే అరుదైన అడవి పళ్ళు కాసే నా బురదనేల ఎక్కడుందో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. దాని పటం గీసి పెట్టాను. అది యూరున్‌కు, ఒక్క యూరున్‌కే.

4. వేటజట్టులో నాన్న తర్వాత నాకు వచ్చిన, తుపాకితో మృగం కోసం కాచుకునే నాలుగో కాపు స్థలం ఎవరికీ ఇవ్వను. నా వాళ్ళెవరూ అక్కడ నిలబడకూడదు.

5. మా గాయకుడు హల్వార్ స్ట్యుంగేకు నా బేస్ గిటారు, అటక మీది రికార్డులు, నా బైబిల్లో మడిచి పెట్టిన ఒక కాగితం సర్వహక్కులతో చెందాలి. ఆ కాగితం సంగతి ఇది.

1976 సెప్టెంబరులో ఓస్లోలో మా కచేరీ వినడానికి లండన్ రికార్డు కంపెనీ మనిషి ఒకడు వచ్చాడు. హల్వార్ బెదురు పోవడానికని తాగాడు, అది కాస్తా ఎక్కువైంది. రెండో చరణం మరిచిపోయి మైకు ముందు అలాగే నిలబడ్డాడు. తర్వాత కళ్ళు మూసుకుని మొదటి చరణాన్నే మళ్ళీ పాడాడు. ఆ మనిషి మాతో ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయాడు. హల్వార్ తాగి చెడగొట్టాడని అందరం అనుకున్నాం. లోయలో ఇప్పటికీ అదే అనుకుంటారు.

అది నిజం కాదు. అక్టోబరు ఒకటిన ఆ మనిషి ఫోను చేశాడు. మాలో ఫోను ఉన్నది మా ఇంట్లోనే. ఒక పెద్ద బృందానికి ముందు వాయించాలి, అమెరికాలో ఆరు వారాల పర్యటన, నాలుగో తేదీన విమానం ఎక్కాలి అన్నాడు. "ఆ పాట మరిచిపోయినవాడు ఉన్నాడే, అతని కోసమే పిలుస్తున్నా" అన్నాడు. ఆ మాటల్ని చేతికి దొరికిన వేటజట్టు జాబితా వెనక రాసుకున్నాను. ఆ కాగితం అదే.

ఎల్క్ అనే పెద్ద దుప్పుల వేట ఐదున మొదలు. నాన్న పోయి ఆర్నెల్లు, ఆయన స్థలంలో నేను నిలబడే మొదటి ఏడు. తొలిరోజు రానివాడి స్థలం ఇంకొకరికి పోతుంది. "వేట అయ్యాక వస్తాం, ఒక్క వారం ఆగండి" అన్నాను. ఆ వారం మా ఊళ్ళో బడి కూడా మూసేస్తారు. లండన్ ఆగదని నాకు తోచనే లేదు. ఆ మనిషి హాస్యమనుకుని నవ్వాడు. వారం పోయాక నేను ఫోను చేస్తే, మా బదులు ఇంకెవరో వాయిస్తున్నారని చెప్పారు. నా కాపు వైపు ఆ ఏడు ఒక్క ఎల్క్ కూడా రాలేదు.

చెబుదామనే హల్వార్ ఇంటికి బయల్దేరాను. వాడు దారిలోనే ఎదురయ్యాడు. "నా వల్లేరా అంతా పోయింది. తాగి మీ నోట్లో మట్టి కొట్టాను. నన్ను క్షమించరా" అని ఏడ్చాడు. నేను వాడి భుజం మీద చెయ్యి వేసి, "పోనీలేరా, అయిందేదో అయింది" అన్నాను. నేను వాణ్ణి క్షమించాను! ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఆ రోజు నుంచి వాడు తాగలేదు, పాడనూ లేదు. నాతోపాటే సామిల్లులో చేరాడు. "ఏరా హల్వార్, రెండో చరణం గుర్తొచ్చిందా?" అని మిల్లులో ఎవరైనా ఎగతాళి చేస్తే తల దించుకుని నవ్వేవాడు. నేను పక్కనే కూర్చుని కాఫీ తాగేవాణ్ణి.

కాబట్టి, వాడు నన్ను అడిగిన ఆ క్షమాపణను ఇందుమూలంగా వాడికే తిరిగి ఇచ్చేస్తున్నాను. అది ఏనాడూ నాది కాదు. నలభై ఏడేళ్ళు దాన్ని నా దగ్గర ఉంచుకున్నందుకు బదులుగా ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

6. నా అంత్యక్రియల్లో పాడమని హల్వార్‌ను ఎవరూ అడగకూడదు. తనంతట తాను పాడితే ఎవరూ ఆపకూడదు.

ఈ ఉదయం సాక్షి సంతకం తానే పెడతానని హల్వార్ వచ్చి కూర్చున్నాడు. వీలునామాలో ఏదైనా దక్కేవాడు సాక్షిగా ఉండకూడదని చట్టం. ఆ మాటే చెప్పాను. "నాకేం రాశావురా పిసినారీ, ఆ చిల్లుల బూట్లా?" అని నవ్వి, సాక్షులకు వాఫుల్స్ వేస్తానంటూ వంటింట్లోకి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది. ఇక్కణ్ణుంచి పిలిస్తే వినబడుతుంది. నేను పిలవలేదు.

కొప్పాంగ్, 2024 ఫిబ్రవరి 11

(సంతకం) ఆస్‌ముండ్ క్వెర్న్‌మూ

పై సంతకం మా ఇద్దరి ఎదుటా జరిగింది. లోపల రాసినది మేము చదవలేదు.

సాక్షులు:
సుల్‌ఫ్రిద్ హౌగ్‌సెత్, ఇంటికి వచ్చే నర్సు
ఎమ్రిక్ నూర్‌స్తు, పొరుగింటివాడు