అమ్మకూ స్టవ్‌కూ మధ్య రెండడుగులు

బాపూ,

పైలోకంలో క్షేమమని తలుస్తూ, నీ పుత్రరత్నం ఒక భయం విన్నవించుకుంటున్నాడు.

నువ్వు పోయి ఏడాదైంది. నువ్వు తీసుకెళ్లినట్టే ఈ ఆదివారం అమ్మనూ చెల్లినీ షామీర్‌పేట చెరువు దగ్గర టెంట్లలో ఒక రాత్రి ఉండటానికి తీసుకెళ్తున్నాను. అక్కడిప్పుడు మంట పెట్టనివ్వరు, కరెంటు ఇస్తారు. అందుకని మేడ్చల్‌లో ఇండక్షన్ స్టవ్ కొనడానికి పోయాం.

నీకు తెలియదు, నువ్వు పోయాక అమ్మ గుండెకు పేస్‌మేకర్ పెట్టారు. ఇండక్షన్ స్టవ్‌లోని అయస్కాంత శక్తి దాన్ని తికమక పెట్టొచ్చని, కనీసం రెండడుగుల దూరంలో ఉండాలని డాక్టరు చెప్పాడు. నేను షాపులో టేపు పట్టుకొని ఒక్కో స్టవ్ దగ్గర కొలుస్తుంటే అమ్మ కసిరింది.

“ఏందిరా, స్టవ్ కొంటున్నవా, ప్లాట్ కొంటున్నవా? మీ బాపు గూడ నన్ను గింత సతాయించలే.”

షాపతను ఒక స్టవ్ స్విచ్ వేశాడు. అది కీచుమనగానే అమ్మ చెయ్యి గుండె మీదికి పోయింది. ఒక అడుగు వెనక్కి వేసి, నేను చూశానని గమనించి, కొంగు సర్దుకుంటున్నట్టు నటించింది.

అప్పటిదాకా వేస్తున్న నా జోకులు అక్కడే ఆగిపోయాయి. “వద్దమ్మా, ఇంట్లనే వండుకొని పోదాం” అన్నాను.

“కొను. నువ్వు వండు. ఉప్పెంతెయ్యాల్నో నేను దూరంకెంచి జెప్త.”

అన్నింట్లోకీ వైరు పొడుగున్నదే ఏరుకున్నాను. ఇంట్లో నవ్వుతూనే తిరుగుతున్నాను. ఆదివారం తలచుకొని రాత్రిళ్లు లేచి ఆ వైరును టేపుతో మళ్లీ మళ్లీ కొలుస్తున్నానని నీకొక్కడికే చెప్తున్నాను.